ఫ్యామిలీ కాంపాక్ట్: ఎన్నికలున్నా ఏలికలు మారని కెనడా

1810ల నుంచి 1840ల దాకా ఎగువ కెనడాను, అంటే నేటి ఒంటారియో దక్షిణ భాగాన్ని, గుప్పిట్లో పెట్టుకున్న అధికారుల, న్యాయమూర్తుల, మతాధికారుల, వ్యాపారుల వర్గానికి వాళ్ల ప్రత్యర్థులు పెట్టిన పేరు ఫ్యామిలీ కాంపాక్ట్. పక్కనే ఉన్న దిగువ కెనడాలో, అంటే నేటి క్విబెక్‌లో, ఇలాంటి వర్గాన్నే షాటో క్లిక్ అన్నారు. క్విబెక్ నగరంలోని గవర్నర్ నివాసం షాటో సెయింట్ లూయీ వల్ల ఆ పేరు వచ్చింది.

ఈ రెండు చోట్లా ఎన్నికలు జరిగేవి. శాసనసభలు కూర్చునేవి, పత్రికలు వెలువడేవి. ఎగువ కెనడాలో సంస్కరణవాదులు 1828లో గెలిచారు, 1830లో ఓడారు, 1834లో మళ్లీ గెలిచారు, 1836లో మళ్లీ ఓడారు. ఓటర్లు ఇన్నిసార్లు మనసు మార్చుకున్నా ప్రభుత్వాన్ని నడిపే మనుషులు మారలేదు. బూటకపు ప్రజాస్వామ్యం అన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అక్కర్లేదు. పాలకవర్గం ఎన్నికలను రద్దు చేయలేదు. ఎన్నికల ఫలితం తన దాకా రాకుండా చూసుకుంది.

1791 ఏర్పాటు

బ్రిటిష్ పార్లమెంటు 1791లో చేసిన రాజ్యాంగ చట్టం పాత క్విబెక్ రాష్ట్రాన్ని ఎగువ, దిగువ కెనడాలుగా విడగొట్టింది. అమెరికా చేజారి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. అక్కడ ప్రజాసభలకు పగ్గాలు వదిలేయడం వల్లే తిరుగుబాటు వచ్చిందని లండన్ అనుకుంది. అందుకే కెనడాలో ఎన్నికైన శాసనసభ మీద జీవితకాలపు నియామకాలతో శాసనమండలిని కూర్చోబెట్టారు. ఆ పక్కన గవర్నరుకు సలహా చెప్పే కార్యనిర్వాహక మండలిని పెట్టారు, అదీ నియామకమే. గవర్నరు లండన్ నుంచి వచ్చేవాడు, లండన్‌కే జవాబు చెప్పేవాడు.

ఓటు హక్కు మాత్రం ఆనాటి లెక్కలో విశాలమే. పల్లెల్లో ఏడాదికి 40 షిల్లింగుల విలువ చేసే సొంత భూమి ఉన్నవాడికి ఓటుండేది. భూమి చవకగా దొరికే వలస దేశంలో అంత భూమి చాలామందికి ఉండేది. కాబట్టి ఓటర్లు తక్కువై ఈ వ్యవస్థ బూటకమైందనలేం. ఆ ఓటర్లు ఎన్నుకున్న సభకు మంత్రులను దించే అధికారం లేదు. సభ చేసిన బిల్లును మండలి తోసిపుచ్చవచ్చు, మండలి సభ్యులను ఎవరూ ఓడించలేరు.

తెలుగు పాఠకులకు ఇది పూర్తిగా అపరిచితం కాదు. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ ప్రభుత్వంలో పానగల్లు రాజా రామరాయణింగారు 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రథమ మంత్రి. విద్య, స్థానిక సంస్థలు వంటివి ఆయన బృందానికి దక్కాయి. పోలీసు, భూమిశిస్తు, ఆర్థికం గవర్నరు దగ్గరే, ఆయన కార్యనిర్వాహక మండలి దగ్గరే ఉండిపోయాయి. సామ్రాజ్యం వందేళ్ల తర్వాత కూడా అదే పద్ధతి పాటించింది. ఓటరుకు సభనిచ్చి, ఖజానా తాళం తన దగ్గర ఉంచుకుంది.

వాళ్లు ఎవరు

పేరులో ఫ్యామిలీ ఉన్నా అందరూ ఒకే రక్తసంబంధం వాళ్లు కారు. 1839లో నివేదిక ఇచ్చిన లార్డ్ డరమ్ కూడా ఈ మాట గమనించాడు. వాళ్లను కలిపింది బడి, చర్చి, అమెరికాతో జరిగిన 1812 యుద్ధపు జ్ఞాపకం, పెళ్లిళ్లు, వీటన్నిటికీ మించి ఉద్యోగాలు.

బడి అంటే జాన్ స్ట్రాకన్ బడి. స్కాట్లండ్ నుంచి 1799లో వచ్చిన ఈయన కార్న్‌వాల్ ఊళ్లో పెద్దింటి పిల్లలకు చదువు చెప్పాడు. ఆంగ్లికన్ మతాధికారి కూడా అయిన ఈయన ఆ తర్వాత రెండు మండలుల్లోనూ కూర్చుని, 1839లో టొరంటో తొలి బిషప్ అయ్యాడు. ఆయన శిష్యుల్లో ముఖ్యుడు జాన్ బెవర్లీ రాబిన్సన్. ఇతను 1812 యుద్ధకాలంలో 21 ఏళ్ల వయసుకే తాత్కాలిక అటార్నీ జనరల్, 1829లో ప్రధాన న్యాయమూర్తి. ఆ పదవిలో ఉంటూనే శాసనమండలికి అధ్యక్షత వహించాడు, కొంతకాలం కార్యనిర్వాహక మండలిలోనూ ఉన్నాడు. చట్టం చేసేవాడు, అమలు చేసేవాడు, తీర్పు చెప్పేవాడు ఒక్కడే అయితే సామాన్యుడు ఎవరితో చెప్పుకోవాలి? రాబిన్సన్ లంచగొండి కాడు, సమర్థుడు, తన దృష్టిలో నిజాయితీపరుడు. ఈ వ్యవస్థను అర్థం చేసుకోవాలంటే ఆ సంగతి మరిచిపోకూడదు. దేశాన్ని కాపాడగలిగింది తామేనని ఆ వర్గం మనస్ఫూర్తిగా నమ్మింది. స్వార్థం ఒక్కటే అయితే వాళ్ల పట్టు అన్నాళ్లు నిలిచేది కాదు.

గవర్నర్లు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. కొత్తగా దిగిన గవర్నరుకు ఊరూ పేరూ తెలియదు, భూమి దస్త్రాలు తెలియవు, ఎవరు నమ్మదగినవాడో తెలియదు. చెప్పేది వీళ్లే. లండన్‌కు వెళ్లే లేఖల వెనకా వీళ్ల మాటే. అలా కొన్నేళ్లు ఉండి వెళ్లే గవర్నరు కన్నా శాశ్వతంగా ఉండే సలహాదారులే బలవంతులయ్యారు.

భూమి, బ్యాంకు, ఖజానా

ఎగువ కెనడాలో సంపదంటే భూమే. 1791 చట్టం ప్రకారం పంచే భూమికి ఏడో వంతు లెక్కన ప్రొటెస్టెంటు మతాధికారుల కోసం కేటాయించారు. క్లర్జీ రిజర్వ్‌లన్న ఈ భూములు చివరికి దాదాపు 24 లక్షల ఎకరాలయ్యాయి. జనంలో ఆంగ్లికన్లు మైనారిటీ అయినా ప్రొటెస్టెంటు అంటే ఆంగ్లికనే అని స్ట్రాకన్ వాదించాడు. మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు రగిలిపోయారు. మరో కష్టం రోజువారీది. సాగులేని ఈ అడవి ముక్కలు రైతుల పొలాల మధ్యలో పడి ఉండేవి, వాటి పక్కన దారి వేసేవాడు ఉండడు. 1836లో పదవి దిగిపోతూ గవర్నర్ కోల్బోర్న్ ఈ ఆస్తి నుంచి 44 ఆంగ్లికన్ రెక్టరీలను, అంటే సొంత భూమి గల చర్చి కేంద్రాలను, ఏర్పాటు చేసి వెళ్లాడు.

ఎగువ కెనడా బ్యాంకుకు 1821లో చార్టరు వచ్చింది. నాలుగో వంతు వాటాలు ప్రభుత్వానివి. తొలి అధ్యక్షుడు విలియం అలన్, డైరెక్టర్లలో చాలామంది మండలి సభ్యులో వాళ్ల బంధువులో. అప్పు కావాల్సిన వ్యాపారి, మేజిస్ట్రేటు పదవి కావాల్సిన పెద్దరైతు, పట్టా కావాల్సిన కొత్త వలసదారు, ముగ్గురూ అదే కొద్దిమంది గుమ్మం తొక్కాలి.

శాసనసభ చేతిలో మిగిలిన ఒకే ఆయుధం డబ్బు ఆపడం. దాన్నీ మొద్దుబార్చారు. 1826లో చార్టరు పొందిన కెనడా కంపెనీ భూములు కొని ఏటా కట్టే సొమ్ము నేరుగా కార్యనిర్వాహకుల చేతికి వెళ్లేది. దాంతో సభ పన్నులు ఆపినా జీతాలు ఆగేవి కావు. 1831లో అధికారుల జీతాలను సభ ఏటేటా ఓటు వేయనక్కర్లేకుండా శాశ్వతం చేశారు. సంస్కరణవాదులు దాన్ని ఎన్నటికీ తీరని జీతాల బిల్లు అన్నారు.

నోరు మూయించిన తీరు

1817లో స్కాట్లండ్ నుంచి వచ్చిన రాబర్ట్ గూర్లే ఊరూరా భూయజమానులకు 31 ప్రశ్నలు పంపాడు. చివరి ప్రశ్న, మీ ప్రాంతం ఎదగకుండా అడ్డుపడుతున్నది ఏమిటని. జవాబులు భూముల పంపకం మీదికే వెళ్లాయి. 1818లో అతను ప్రతినిధుల సమావేశం పెడితే అలాంటి సమావేశాలను నిషేధిస్తూ చట్టం చేశారు. పరువునష్టం కేసులు రెండు పెడితే జూరీలు రెండింటిలోనూ విడిచిపెట్టాయి. అప్పుడు 1804 నాటి రాజద్రోహ చట్టం తీశారు. దాని కింద దేశం విడిచి వెళ్లమన్నారు, వెళ్లనందుకు నయాగరాలో నెలల తరబడి జైల్లో పెట్టి 1819లో బహిష్కరించారు.

విలియం లయన్ మెకంజీ కథ ఇంకా పెద్దది. ఇతను 1824లో మొదలుపెట్టిన కొలోనియల్ అడ్వొకేట్ పత్రిక పెద్దింటి వాళ్లను పేరుపెట్టి తిట్టేది, ఒక్కోసారి మర్యాద దాటేది కూడా. 1826 జూన్ 8న యార్క్‌లో, అంటే నేటి టొరంటోలో, పట్టపగలు సామ్యూల్ జార్విస్ నాయకత్వంలో పలుకుబడిగల ఇళ్ల యువకులు అతని ముద్రణాలయంలో చొరబడి ప్రెస్సు పగలగొట్టారు, అచ్చు టైపులను అఖాతంలో పారబోశారు. మేజిస్ట్రేట్లు చూస్తూ నిలబడ్డారు. అటార్నీ జనరల్ రాబిన్సన్ నేరం కేసు పెట్టలేదు. మెకంజీ స్వయంగా సివిల్ దావా వేసి 625 పౌండ్ల పరిహారం గెలిచాడు, మూతపడబోతున్న పత్రిక ఆ డబ్బుతో బతికింది. జార్విస్‌కు మాత్రం 1837లో ఆదివాసుల వ్యవహారాల ప్రధాన పర్యవేక్షక పదవి వచ్చింది. అక్కడ నిధుల లెక్కలు తేలక 1845లో దాన్ని పోగొట్టుకున్నాడు.

1828లో యార్క్ నుంచి ఎన్నికైన మెకంజీని 1831 డిసెంబరులో సభ బహిష్కరించింది, కారణం పత్రికలో సభను నిందించాడని. మరుసటి నెలే ఉపఎన్నికలో 119కి 1 ఓట్లతో ఓటర్లు అతన్ని తిప్పి పంపారు. సభ వారం తిరక్కుండానే మళ్లీ వెళ్లగొట్టింది. 1834 దాకా ఇదే తంతు. ఈ బహిష్కరణలకు నాయకత్వం వహించిన న్యాయాధికారులు బోల్టన్, హేగర్‌మన్‌లను 1833లో లండన్ పదవుల నుంచి తీసేసింది. కాంపాక్ట్ బలం ఎంతదో ఆ తర్వాత తెలిసింది. వలస మంత్రి మారగానే హేగర్‌మన్ తన పదవికి తిరిగొచ్చాడు, బోల్టన్ న్యూఫౌండ్‌లాండ్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

ఎవరు పౌరులు?

గిట్టని ఓటరును ఓటరే కాదనడం మరో ఎత్తు. ఎగువ కెనడా జనంలో అధిక భాగం అమెరికా నుంచి చవక భూములకు వచ్చినవాళ్లు. 1821లో ఎన్నికైన బార్నబస్ బిడ్వెల్‌ను మరుసటేడు సభ బయటికి పంపింది, కొడుకు మార్షల్ బిడ్వెల్ అర్హతనూ తిరగదోడింది. 1783 తర్వాత అమెరికాలో ఉండిపోయినవాళ్లు బ్రిటిష్ ప్రజలు కారని 1824లో ఇంగ్లండ్ కోర్టు ఒక కేసులో తీర్పు చెప్పడంతో వేలమంది రైతుల ఓటే కాదు, భూమి పట్టా కూడా ప్రమాదంలో పడింది. దశాబ్దాలుగా అడవి కొట్టి పొలం చేసుకున్నవాళ్లు, 1812లో అదే రాజు తరఫున తుపాకీ పట్టినవాళ్లు రాత్రికి రాత్రి పరదేశులయ్యారు. సంస్కరణవాదులు పిటిషన్లు లండన్‌కు పంపి పోరాడితే 1828లో పౌరసత్వ చట్టం వచ్చింది. ఆ ఏటి ఎన్నికల్లో వాళ్లు గెలవడానికి ఈ భయమూ ఒక కారణం.

దిగువ కెనడా

అక్కడ భాష కూడా తోడైంది. సభలో ఫ్రెంచి మాట్లాడే కెనడియన్లు అధికులు, మండలుల్లో ఇంగ్లిషు వ్యాపారులు, అధికారులు. గవర్నర్ క్రెయిగ్ 1810లో లె కెనడియన్ పత్రికను మూయించి నాయకుడు పియర్ బెదార్‌ను జైల్లో పెట్టాడు. 1823లో ఖజానా అధికారి జాన్ కాల్డ్వెల్ దగ్గర సుమారు 96,000 పౌండ్ల ప్రభుత్వ సొమ్ము తేలలేదు. పదవి పోయింది గానీ శాసనమండలిలో కుర్చీ పోలేదు. 1827లో సభ లూయీ జోసెఫ్ పాపినోను స్పీకరుగా ఎన్నుకుంటే గవర్నర్ డల్హౌసీ ఒప్పుకోక సభనే వాయిదా వేశాడు. 1832 మే 21న మాంట్రియల్ ఉపఎన్నికలో సైన్యం కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు.

1834లో సభ సంస్కరణలు కోరుతూ 92 తీర్మానాలు చేసింది. ఆ ఏడు ఎన్నికల్లో పాపినో పక్షం 88 సీట్లలో 77 గెలిచింది. ఇంత తీర్పుకు లండన్ జవాబు 1837 మార్చిలో వచ్చింది. బ్రిటిష్ మంత్రి జాన్ రస్సెల్ తీర్మానాలు సభ అనుమతి లేకుండానే ఖజానా నుంచి డబ్బు తీసుకునే అధికారం గవర్నరుకు ఇచ్చాయి. ఓటుతో ఇక పని జరగదని ప్రభుత్వమే చెప్పినట్టయింది. నవంబరులో సెయింట్ డెనీ, సెయింట్ చార్లెస్‌లలో, డిసెంబరులో సెయింట్ యుస్టాష్‌లో తుపాకులు పేలాయి. 1838లో రెండోసారి తిరుగుబాటు లేచాక 12 మందిని ఉరి తీశారు, 58 మందిని ఆస్ట్రేలియాకు పంపారు.

1836 ఎన్నిక

ఎగువ కెనడాకు 1836 జనవరిలో వచ్చిన గవర్నర్ ఫ్రాన్సిస్ బాండ్ హెడ్ మొదట రాబర్ట్ బాల్డ్విన్, జాన్ రాల్ఫ్ వంటి సంస్కరణవాదులను కార్యనిర్వాహక మండలిలోకి తీసుకున్నాడు. వాళ్లను అడగకుండానే నిర్ణయాలు చేస్తుంటే మార్చిలో మండలి మొత్తం రాజీనామా చేసింది. సభ ఖర్చులకు డబ్బు ఆపింది. హెడ్ సభను రద్దు చేసి తానే ప్రచారానికి దిగాడు. బాల్డ్విన్ పక్షం అడిగింది బ్రిటన్‌లో అప్పటికే ఉన్న పద్ధతిని. హెడ్ మాత్రం ఓటరును రాజు పక్షమా, అమెరికా పక్షమా అని నిలదీశాడు. పట్టాలు పంచారు. ఐరిష్ ప్రొటెస్టెంట్ల ఆరెంజ్ సంఘాల వాళ్లు పోలింగు చోట్ల కర్రలతో నిలబడ్డారు. ఓటు అందరి ముందూ నోటితో చెప్పే రోజులవి, కర్ర పట్టినవాడు అంతా వింటూ ఉంటాడు. అయితే బెదిరింపు ఒక్కటే హెడ్‌ను గెలిపించిందనడం పొరపాటు. కొత్తగా వచ్చిన బ్రిటిష్ వలసదారులు, మెథడిస్టుల్లో ఒక భాగం అతని మాట నిజంగానే నమ్మారు. మెకంజీ, మార్షల్ బిడ్వెల్ ఇద్దరూ ఓడారు.

రాజు చనిపోతే సభ రద్దయి మళ్లీ ఎన్నికలు రావాలి. అప్పటికి రాజు నాలుగో విలియం ముసలివాడు. గెలిచిన సభ 1837లో, రాజు పోయినా తాను కొనసాగేలా చట్టం చేసుకుంది. జూన్‌లో రాజు చనిపోయాడు, ఎన్నికలు జరగలేదు. డిసెంబరులో మెకంజీ కొన్ని వందలమంది రైతులతో టొరంటో మీదికి కదిలాడు. మాంట్‌గోమరీ సత్రం దగ్గర అది మూడు రోజుల్లో చెదిరిపోయింది. వేలమంది క్షమాభిక్ష అర్జీలు పెట్టినా తిరుగుబాటుదారులు సామ్యూల్ లౌంట్, పీటర్ మాథ్యూస్‌లను 1838 ఏప్రిల్ 12న ఉరితీశారు. శిక్ష చెప్పింది ప్రధాన న్యాయమూర్తి రాబిన్సనే.

హైదరాబాదులో పనిచేసిన గవర్నరు

1838లో వచ్చిన డరమ్ తన నివేదికలో రెండు కెనడాలనూ కలపమన్నాడు, స్థానిక వ్యవహారాల్లో బాధ్యతాయుత ప్రభుత్వం ఇవ్వమన్నాడు. సభ విశ్వాసం పోతే మంత్రులు దిగిపోవాలన్నది దాని సారం. బాల్డ్విన్ 1836లోనే వలస మంత్రికి ఇదే రాసిచ్చాడు. లండన్ మొదటి సలహా తీసుకుని రెండోదాన్ని పక్కన పెట్టింది. 1841లో ఏర్పడిన ఉమ్మడి కెనడాలో జనాభా ఎక్కువున్న దిగువ కెనడాకు, తక్కువున్న ఎగువ కెనడాకు చెరి 42 సీట్లిచ్చారు. ఆ ఏటి ఎన్నికల్లో దిగువ కెనడా సంస్కరణవాది లూయీ హిప్పొలైట్ లాఫాంతేన్ పోటీచేసిన టెర్రెబోన్‌లో పోలింగు స్థలాన్ని ఒక మూలనున్న ఇంగ్లిషు ఊళ్లో పెట్టి దారిలో దుడ్డుకర్రల వాళ్లను నిలిపారు. రక్తపాతం వద్దని అతను తప్పుకున్నాడు. బాల్డ్విన్ అతన్ని ఎగువ కెనడాలోని యార్క్ నుంచి గెలిపించాడు. తర్వాత బాల్డ్విన్ ఓడితే ఫ్రెంచి రిమూస్కీ ఆయన్ను గెలిపించింది. పాలకవర్గం భాషల మధ్య పెంచిన పగను ఇద్దరు మనుషుల నమ్మకం దాటేసిన ఘట్టమిది. కెనడా చరిత్రలో ఇంతకన్నా విలువైన రాజకీయ స్నేహం మరొకటి కనబడదు.

1843లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ మనకు తెలిసినవాడే. 1820 నుంచి 1825 దాకా హైదరాబాదు రెసిడెంటుగా ఉండి, నిజాం ప్రభుత్వాన్ని అధిక వడ్డీల అప్పుల్లో ముంచిన పామర్ కంపెనీని ఎదిరించాడు. ఆ కంపెనీ భాగస్వామి ఒకరు అప్పటి భారత గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయి భర్త, అయినా మెట్‌కాఫ్ వెనక్కి తగ్గలేదు. 1835లో భారతదేశపు పత్రికలకు ఆంక్షలు తీసేసిందీ ఇతనే. అంత నిజాయితీపరుడు కెనడాలో ఉద్యోగ నియామకాలు మంత్రుల సలహాతో చేయడానికి ఒప్పుకోలేదు. బాల్డ్విన్, లాఫాంతేన్ నవంబరులో రాజీనామా చేశారు. 1844 ఎన్నికల్లో మెట్‌కాఫ్ స్వయంగా ఒక పక్షం తరఫున నిలిచి స్వల్ప ఆధిక్యం తెచ్చుకున్నాడు. పాలకుడు మంచివాడైతే చాలదని ఈ ఒక్క జీవితమే నిరూపిస్తుంది. ఉద్యోగాలు పంచే చెయ్యి ఎవరికి జవాబుదారీ అన్నదే అసలు ప్రశ్న.

1848, 1849

బ్రిటన్ స్వేచ్ఛా వాణిజ్యం వైపు మళ్లాక వలసల ఆంతరంగిక పాలనను పట్టుకు వేళ్లాడాల్సిన అవసరం లండన్‌కు తగ్గింది. జోసెఫ్ హోవ్ పోరాడిన నోవా స్కోషియాలో 1848 ఫిబ్రవరిలో తొలి బాధ్యతాయుత మంత్రివర్గం ఏర్పడింది. మార్చిలో ఉమ్మడి కెనడాలో సభ విశ్వాసం కోల్పోయిన మంత్రులు దిగిపోతే గవర్నర్ జనరల్ ఎల్గిన్ లాఫాంతేన్‌ను, బాల్డ్విన్‌ను పిలిచాడు. ఎల్గిన్ డరమ్‌కు అల్లుడు. తర్వాత 1862లో భారత వైస్రాయి అయ్యాడు.

నిజమైన పరీక్ష 1849లో జరిగింది. తిరుగుబాటు కాలంలో ఆస్తులు పోయినవాళ్లకు పరిహారం ఇచ్చే బిల్లుమీద ఏప్రిల్ 25న ఎల్గిన్ సంతకం చేశాడు, తనకు నచ్చకపోయినా సభ కోరింది గనక. పాత పక్షపు గుంపు ఆ రాత్రి మాంట్రియల్‌లో పార్లమెంటు భవనాన్ని తగలబెట్టింది. అదే ఏడు అక్టోబరులో 300కు పైగా మాంట్రియల్ ప్రముఖులు కెనడాను అమెరికాలో కలపమంటూ ప్రకటన చేశారు, సంతకం చేసినవాళ్లలో తర్వాత ప్రధాని అయిన జాన్ ఆబట్ ఉన్నాడు. సంస్కరణవాదులను ముప్పై ఏళ్లు అమెరికా ఏజెంట్లన్న పక్షంలోంచే ఈ పిలుపు వచ్చింది. క్లర్జీ రిజర్వ్‌లను 1854లో చర్చి చేతుల్లోంచి తీసేశారు. రాబిన్సన్ 1862 దాకా ప్రధాన న్యాయమూర్తిగానే ఉన్నాడు.

ఆ తర్వాత

కాంపాక్ట్ పోయినా దాని పద్ధతులు కొన్ని మిగిలాయి. క్విబెక్ ప్రధాని మారిస్ డుప్లెస్సీ 1937లో తాళాల చట్టంతో కమ్యూనిస్టులన్న ముద్రవేసి ఇళ్లు మూయించే అధికారం తెచ్చుకున్నాడు, సుప్రీంకోర్టు 1957లో దాన్ని కొట్టేసింది. 1946లో ఒక హోటలు యజమాని మద్యం లైసెన్సును కక్షతో రద్దు చేయించినందుకు 1959లో అదే కోర్టు డుప్లెస్సీయే పరిహారం కట్టాలంది. నేటి కెనడాను బూటకపు ప్రజాస్వామ్యం అనలేం, ఓడిన ప్రభుత్వాలు అక్కడ దిగిపోతున్నాయి. కానీ 1856లో ఎన్నికలకు తెరిచిన ఎగువసభ 1867 సమాఖ్యలో సెనేటుగా మళ్లీ నియామకసభే అయింది, ఈనాటికీ అంతే.

పౌరుడెవరన్న ప్రశ్న ఇంకా చాలాకాలం నలిగింది. గెలిచిన సంస్కరణవాదుల మంత్రివర్గమే 1849 చట్టంలో స్త్రీలకు ఓటు లేదని స్పష్టంగా రాసింది. బ్రిటిష్ కొలంబియా 1907లో భారతీయుల ఓటు తీసేసింది, అది 1947లో తిరిగొచ్చింది. కాంపాక్ట్ పంచుకున్న ఆ భూములన్నిటికీ మొదటి హక్కుదారులైన ఆదివాసులకు, తమ చట్టబద్ధ హోదా వదులుకోకుండానే కేంద్ర ఎన్నికల్లో ఓటు వేసే హక్కు 1960లో వచ్చింది.